నక్కవుల్లి దొరికిందా? పేరు రాసే ముందు ఇలా చూడండి

ఏటా మార్చి దాటి ఎండ ముదిరేసరికి నా ఫోనుకు గడ్డల ఫోటోలు మొదలవుతాయి. ఒకరు సిద్ధవటం దగ్గర లంకమల అంచున తీశామంటారు, ఇంకొకరు పెనుకొండ కోట ఎక్కుతుంటే కనిపించిందంటారు, మొన్న ఒకాయన ఓర్వకల్లు రాళ్ళ మధ్య కూర్చుని అక్కడి నుంచే పంపాడు. అందరూ అడిగేది ఒకటే: "సార్, ఇది నక్కవుల్లేనా?"

ఆ ఫోటోల్లో సగానికి సగం ఉత్త ఆకులే ఉంటాయి. ఆకులు చూసి నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు, చెప్పగలమనే వాళ్ళ మాట నమ్మొద్దు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసి విసుగొచ్చి, నేను చూసే పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

చిక్కంతా పేరు దగ్గరే. మన రాయలసీమలో ఉల్లిని ఎర్రగడ్డ, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటామే గానీ ఇంట్లో ఉల్లి అనే మాట పెద్దగా వాడం, అడవి గడ్డకు మాత్రం ఆ మాట అలాగే అతుక్కుని ఉండిపోయింది. గొర్రెలు కాసే వాళ్ళను అడిగితే పొరలున్న ప్రతి అడవి గడ్డా వాళ్ళకు నక్కవుల్లో అడవి ఉల్లో. వృక్షశాస్త్రం లెక్కలో చూస్తే అవి కనీసం నాలుగైదు వేరు వేరు ప్రజాతులు, పైగా రెండు వేరు వేరు కుటుంబాలు. అసలు నక్కవుల్లి డ్రిమియా అనే ప్రజాతిలోది, పూర్తి పేరు డ్రిమియా ఇండికా. ప్రజాతి ఇంటిపేరు, జాతి ఆ ఇంట్లో ఒక మనిషి పేరు అనుకోండి, ఈ పనికి అంత థియరీ చాలు.

ఏం కావాలి

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం (మడిచి జేబులో పెట్టుకునేది), కొత్త బ్లేడు, చిన్న స్కేలు, పెన్సిలు, నోటుపుస్తకం, రబ్బరు గ్లౌజులు, కొన్ని పాత న్యూస్‌పేపర్లు. స్కేలు మరిచిపోతే పది రూపాయల బిళ్ళ పక్కన పెట్టి ఫోటో తీయండి, దాని అడ్డకొలత 27 మిల్లీమీటర్లు, తర్వాత లెక్క కట్టుకోవచ్చు. గడారి, పార వద్దు. ఎందుకో రెండో అంచెలో చెబుతాను.

1. ముందు తేదీ రాయండి, ఆకులున్నాయా లేదా రాయండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ సగం జవాబు ఇందులోనే ఉంది. నక్కవుల్లి పూత మార్చి నుంచి మే వరకు, నేల పగిలిపోయి గడ్డి కూడా లేని రోజుల్లో వస్తుంది. అప్పుడు దానికి ఆకు ఒక్కటీ ఉండదు. మట్టిలోంచి నేరుగా ఒక్క కాడ, మోకాలెత్తు, ఒక్కోసారి అంతకంటే పొడుగు, దాని మీద దూరం దూరంగా వేలాడే మట్టిరంగు పూలు. పచ్చగా, సన్నగా, బల్లపరుపుగా ఉండే ఆకులు వానలు పడ్డాకే వస్తాయి, అప్పటికి పూత అయిపోయి ఉంటుంది. అంటే ఆకునూ పూవునూ ఒకే ఫోటోలో తీయడం దాదాపు కుదరదు. అందుకే ఒకే చోటికి రెండుసార్లు వెళ్ళాలి: ఒకసారి ఏప్రిల్‌లో, ఇంకోసారి జూలైలో. మొదటిసారి వెళ్ళినప్పుడే ఫోనులో లొకేషన్ పిన్ పెట్టుకుని, కాడ పక్కన మూడు రాళ్ళు పేర్చి రండి. పిన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే జూలైలో గడ్డి పెరిగాక ఆ పది అడుగుల్లో ఏది మన మొక్కో తెలియక తల పట్టుకోవాలి.

ఆకు లేకుండా కాడ ఒక్కటే ఉందని తీర్పు చెప్పేయకండి. అది అనుమానం మాత్రమే, రుజువు కాదు. అడవి కంద కూడా ఆకు లేకుండానే పూస్తుంది.

2. గడ్డ పెరకొద్దు, మెడ దగ్గర మట్టి మాత్రం తీయండి

లంకమల, రోళ్ళపాడు లాంటి అభయారణ్యాల్లో అనుమతి లేకుండా మొక్క పెరకడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. రిజర్వు ఫారెస్టులో 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, పాలకొండల్లో గడారి, గోతం సంచి పట్టుకుని తిరిగే మనిషిని ఫారెస్టు వాళ్ళు ఎర్రచందనం బాపతు అనుకుంటారు తప్ప వృక్షశాస్త్రం అనుకోరు. నేను ఒకసారి రెండు గంటలు చెక్‌పోస్టు బల్ల మీద కూర్చుని నక్కవుల్లి గురించి ఉపన్యాసం ఇవ్వాల్సి వచ్చింది.

గ్లౌజు వేసుకుని, వేలితో కాడ మొదట్లో రెండంగుళాల మట్టి పక్కకు తీసి చూడండి. ఎర్రగడ్డలా పొరల మీద పొరలు ఉంటే మనం వెతికే రకం. చిలగడదుంపలా గట్టిగా, పొరలు లేకుండా ఉంటే ఇక్కడే ఆగిపోండి, అది వేరే మొక్క. అడవినాభి గడ్డ అలాంటిదే, అదీ విషమే. చూశాక మట్టి మళ్ళీ కప్పేయండి.

హెచ్చరిక: రుచి చూడొద్దు. నక్కవుల్లి గడ్డలో గుండె మీద పనిచేసే విషాలున్నాయి. రసం తగిలితే చర్మం మండుతుంది, దురద పెడుతుంది, అందులో సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. ఆ చేత్తో కళ్ళు నలుముకోవద్దు. లంకమల దగ్గర ఒక గొర్రెల కాపరి నాతో అన్న మాట: "దాని జోలికి పోవద్దు సార్, గొర్లు గూడా ముట్టవు." దగ్గుకు ఇచ్చేవారట కదా అని అడిగే వాళ్ళుంటారు. ఇదే ప్రజాతిలోని గడ్డలు మందుల తయారీకి వెళ్ళిన మాట నిజం, మోతాదు తెలిసిన వాళ్ళ చేతుల్లో. మీ వంటింట్లో కాదు.

3. పూలు కాడ మీద ఎలా అమరాయో చూడండి

రెండే రకాలు గుర్తుపెట్టుకోండి. కాడ పొడుగునా కింద నుంచి పైకి ఒకటి తర్వాత ఒకటి పూస్తే అది ఒక దారి. కాడ చివర ఒకే చోటి నుంచి, గొడుగు ఊచల్లా పూలన్నీ బయలుదేరితే ఇంకో దారి. గొడుగు రకంలో ఊచలన్నీ కలిసేచోట కింద ఎండిన పొరలు ఒకటి రెండు వేలాడుతుంటాయి, మొగ్గ దశలో పూలన్నిటినీ మూసి ఉంచినవి అవే. ఒక కాడకు ఒకే పూవుంటే మాత్రం అది చాలావరకు కుండీల్లోంచి బయటపడ్డ వాన లిల్లీ, అంటే జెఫిరాంథస్. అది అమెరికా ఖండాల మొక్క, మన అడవిది కాదు.

4. పూవును నిలువుగా కోసి అండాశయం ఎక్కడుందో చూడండి

మిగతావన్నీ తప్పినా ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే కుటుంబం వరకూ వచ్చేస్తారు. బాగా విచ్చిన పూవు ఒకటి తీసుకుని, తొడిమను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పూరేకుల కొన నుంచి తొడిమ వైపు బ్లేడుతో నిలువుగా రెండు చెక్కలు చేయండి. మధ్యలో లేతపచ్చగా, గింజల గది లాంటి బుడిపె ఉంటుంది, అదే అండాశయం, రేపు కాయ అయ్యేది. అది పూరేకుల మధ్యలో, వాటి పైన కూర్చుందా? లేక పూరేకులు మొదలయ్యే చోటికి కింద, తొడిమ ఉబ్బినట్టుగా ఉందా?

మొదటిసారే అడవిలో చేస్తే చేయి వణుకుతుంది, పూవు నలిగిపోతుంది. ఇంట్లో ప్రాక్టీసు చేయండి. కింద అండాశయానికి కుండీలోని వాన లిల్లీ మంచిది. పైన అండాశయానికి మన ఎర్రగడ్డ పూవే సరిపోతుంది. కర్నూలు వైపు విత్తనానికి వదిలిన ఎర్రగడ్డ మడి ఎక్కడైనా ఉంటే గుండ్రటి పూగుత్తి ఒకటి అడిగి తెచ్చుకోండి. పూవు చిన్నది, భూతద్దం తప్పదు. లిల్లీ దండల పూలతో, అంటే నేలసంపంగితో మాత్రం ప్రాక్టీసు వద్దు, దాని కుటుంబం ఒకటి, అండాశయం తీరు ఇంకొకటి, మొదట్లోనే గందరగోళం.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఎర్రగడ్డ పూత గొడుగు రకం, అండాశయం మాత్రం పైన. ఇప్పటి వర్గీకరణలో అది అడవి లిల్లీల కుటుంబమైన అమరిల్లిడేసిలో ఉంది. పేరులో ఉల్లి ఉన్న నక్కవుల్లి ఆ కుటుంబంలో లేనే లేదు. ఎర్రగడ్డ వాసన నక్కవుల్లికి రాదు, అదీ గమనించండి.

5. అండాశయం పైన, పూలు కాడ పొడుగునా ఉంటే

ఇప్పుడు మీ ముందు మూడు ప్రజాతులు నిలబడతాయి.

పూరేకులు ఆరూ దాదాపు మొదటి దాకా విడివిడిగా ఉండి, పూవు వేలాడుతూ, ఆకు లేని కాడ మీద ఉంటే డ్రిమియా. ఇంకా గట్టి గుర్తు కావాలంటే కాడ కింది భాగంలో, ఇంకా విచ్చని మొగ్గల దగ్గర చూడండి. ప్రతి తొడిమ మొదట్లో గోధుమరంగు పొర లాంటి బుల్లి ఆకు ఉంటుంది, దాని వెనుక కిందికి పొడుచుకొచ్చిన చిన్న తోక ఉంటుంది. ఈ తోక డ్రిమియా గుంపు సొత్తు. చిక్కేమిటంటే ఆ పొరలు త్వరగా రాలిపోతాయి. పూత సగం అయ్యాక వెళ్ళి "తోక లేదు సార్" అని రాయకండి, తోక కాదు, తోక ఉన్న పొరే లేదు. కాడ ఇంకా జానెడు ఉన్నప్పుడు వెళితే దొరుకుతుంది.

ఆకులూ పూలూ ఒకేసారి ఉండి, ఆకు మీద ఊదారంగు మచ్చలు చిలకరించినట్టు ఉంటే లెడెబౌరియా. కాడ పొట్టి, పూలు పచ్చ ఊదా కలిసిన రంగు, పూరేకుల కొనలు వెనక్కి తిరిగి, కేసరాల కాడలు ఊదాగా కనిపిస్తాయి. ఆకు కొన నేలకు తగిలిన చోట బుల్లి గడ్డ పుట్టడం కూడా దీనిలో చూడొచ్చు. మచ్చలు లేని ఆకులూ ఉంటాయి కాబట్టి మచ్చల మీదే ఆధారపడొద్దు. ఈ ప్రజాతిని రోత్ అనే జర్మన్ 1821లో మన దేశం నుంచి వెళ్ళిన మొక్కతోనే నిలబెట్టాడు.

పూరేకులు కింద కలిసిపోయి గొట్టంలా ఉంటే డిప్‌కాడి. మొగ్గను చూసి మోసపోవద్దు, డ్రిమియా మొగ్గ కూడా మూసుకుని గొట్టంలానే కనిపిస్తుంది. విచ్చిన పూవే కోయాలి.

6. అండాశయం కింద, పూలు గొడుగులా ఉంటే

ఇది అమరిల్లిడేసి దారి, మీది నక్కవుల్లి కాదు. తెల్లటి పెద్ద పూవు మధ్యలో కేసరాలన్నీ మొదట్లో పల్చటి తెల్ల పొరతో కలిసి చిన్న గిన్నెలా ఉంటే పాంక్రేషియం. గిన్నె లేకుండా కేసరాలు విడివిడిగా ఉంటే క్రైనం. వాగుల పక్కన, చెరువు కట్టల కింద బురదలో ఎక్కువగా కనిపించేది క్రైనమే. అంతే, ఇక్కడ ఇంకేం పెద్ద కష్టం లేదు.

ఈ గిన్నె నాకు నేర్పిన పాఠం చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం జూలైలో వెలికొండల కింద పచ్చటి ఆకుల గుంపు ఒకటి చూసి, ఏమాత్రం తడుముకోకుండా వెంట ఉన్న పిల్లలతో "ఇది డ్రిమియా, రాసుకోండి" అన్నాను. వాళ్ళు రాసుకున్నారు. మరుసటి ఏడాది మొదటి వాన పడిన నాలుగు రోజులకు అదే పిల్లలతో అటే వెళ్ళాం. ఆ గుంపు నిండా తెల్లటి పూలు, ఒక్కోదాని మధ్య చక్కగా గిన్నె, చుట్టూ సువాసన. ఎవరూ ఏమీ అనలేదు, ఒకడు మాత్రం మెల్లిగా, "సార్, ఇదీ నక్కవుల్లేనా?" అన్నాడు.

7. కాయ, గింజ కూడా చూడండి

పూత తర్వాత రెండు మూడు వారాలకు వెళితే డ్రిమియా కాడ మీద మూడు గదుల ఎండు కాయలుంటాయి, పగిలితే నల్లగా, పలచగా, బల్లపరుపు గింజలు రాలతాయి. క్రైనం గింజ దీనికి పూర్తిగా వేరు: పచ్చగా, కండగా, చిన్న గడ్డలా ఉండి, నీళ్ళు పోయకపోయినా గట్టు మీదే మొలకెత్తుతుంది. పాంక్రేషియం గింజ నల్లనే గానీ కోణాలుగా ఉంటుంది. గింజ దొరికితే పూవు దొరకని లోటు సగం తీరుతుంది.

కాయే కట్టకపోతే భయపడొద్దు. నక్కవుల్లిలో 20, 30, 40 క్రోమోజోములున్న మొక్కలు ఉన్నాయి. 30 ఉన్నవాటిలో జతలు సరిగా కుదరక గింజలు సరిగా రావు, అవి గడ్డలు పిలకలేసి పెరుగుతాయి. పూలు నిండుగా వచ్చి కాయలు లేని గుంపు కనిపిస్తే ఆ సంగతి రాసి పెట్టుకోండి.

8. ఇప్పుడు పేరు రాయండి, ఏ పేరో చూసుకుని

పాత పుస్తకంలో ఒక పేరు, కొత్తదాంట్లో ఇంకో పేరు ఉంటే మొక్క రెండని అనుకోవద్దు. రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి సిల్లా ఇండికా అని పెట్టాడు, ఆ వివరణ అచ్చయింది ఆయన పోయాక 1832లో. 1843లో కుంత్ అనే ఇంకో శాస్త్రజ్ఞుడు దాన్ని అర్జీనియా అనే ప్రజాతిలోకి మార్చాడు. 1977లో జెస్సప్ అర్జీనియా మొత్తాన్ని డ్రిమియాలో కలిపేసి డ్రిమియా ఇండికా అన్నాడు. కుటుంబమూ అంతే: మన డిగ్రీ పుస్తకాల్లో లిలియేసి, తర్వాత హయసింథేసి, పూల మొక్కల కుటుంబాలను తేల్చే ఏపీజీ అనే శాస్త్రజ్ఞుల బృందం 2009లో ఇచ్చిన మూడో వర్గీకరణ నుంచి ఆస్పరాగేసి. అంటే పిల్లిపీచర ఇప్పుడు నక్కవుల్లికి చుట్టం. ఆయుర్వేద మందుల పుస్తకాల్లో ఇంకా అర్జీనియా అనే ఉంటుంది, తప్పేం లేదు, మీరు రాసేటప్పుడు కొత్తది రాసి పక్కన పాతది పెట్టండి. అనుమానమొస్తే లండన్‌లోని క్యూ గార్డెన్స్ వాళ్ళ ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటులో పాత పేరు కొట్టినా కొత్త పేరుకు తీసుకెళ్తుంది.

జాతి దగ్గర మాత్రం తొందర వద్దు. మన దేశంలో డ్రిమియా ఒక్కటే జాతి కాదు. కోరమాండల్ పేరుతో ఒకటుంది, వైట్ అనే ఆయన పేరుతో ఒకటుంది, నాగార్జున పేరుతో మన తెలుగు నేల నుంచే వర్ణించిన జాతీ ఉంది. వాటి మధ్య తేడాలు గడ్డ, పూవు, గింజల కొలతల్లో, పూవు విచ్చే వేళలో ఉంటాయి, ఫోటోతో తేలవు. "డ్రిమియా, జాతి తేలలేదు" అని రాయడం అవమానం కాదు.

ఎక్కువగా జరిగే తప్పులు

మిట్టమధ్యాహ్నం వెళ్ళడం అన్నిటికంటే పెద్ద తప్పు. నక్కవుల్లి పూలు పొద్దుకుంకే వేళ విచ్చుకుంటాయి, తెల్లారాక వాడిపోతాయి. పన్నెండు గంటలకు వెళ్ళి వాడిన పూవు కోసి "పూరేకులు కలిసిపోయాయి, ఇది డిప్‌కాడి" అని పంపినవాళ్ళు నాకు తెలుసు. మరి చీకట్లో కొండకు పోవాలా అంటే వద్దు, అనంతపురం గుట్టల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. నాలుగైదు గంటలకు వెళ్ళి, బాగా బలిసిన మొగ్గ ఒకటి రెండు తొడిమతో సహా తుంచి, తడిగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, చిన్న సీసాలో నీళ్ళు పోసి నిలబెట్టండి. చాలాసార్లు రాత్రికి విచ్చుకుంటుంది.

ఇంకొకటి, గూగుల్ లెన్స్ చెప్పిన మొదటి పేరు రాసేయడం. అది రంగు, ఆకారం పోలుస్తుంది, అండాశయం కోసి చూడదు. పొడవాటి ఆకు చూపిస్తే కుండీ మొక్కల పేర్లు చెప్పడం నేను ఎన్నోసార్లు చూశాను. మూడోది, పక్కపక్కనే ఉన్న రెండు మొక్కల ముక్కలు కలపడం: ఆకు ఒకదానిది, కాడ ఇంకోదానిది. మెడ దగ్గర మట్టి తీసి రెండూ ఒకే గడ్డ నుంచి వచ్చాయో లేదో చూస్తే చాలు.

సరిపోయిందా లేదా ఎలా తెలుస్తుంది

రాసిన పేరును మర్చిపోయి, వారం తర్వాత నోట్సు మాత్రమే చూసి మొదటి అంచె నుంచి మళ్ళీ రండి. అదే ప్రజాతికి చేరితే బాగుంది. చేరకపోతే ఎక్కడ దారి తప్పిందో అక్కడ మీ నోట్సులో ఖాళీ ఉంటుంది, నూటికి తొంభైసార్లు అది అండాశయం గడే. పూత, ఆకు, కాయ మూడు దశలూ ఒకే గుర్తు రాళ్ళ దగ్గర చూసినప్పుడే నేను ప్రశ్నార్థకం తీసేస్తాను. అంతకుమించి కావాలంటే అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో హెర్బేరియం ఉంది, ముందుగా అడిగి వెళ్ళి ఎండు నమూనాలతో పోల్చుకోవచ్చు.

మీ సొంత పొలంలో దొరికి, నమూనా ఎండబెట్టాలనుకుంటే గడ్డను అలాగే పేపర్ల మధ్య పెట్టకండి. నిలువుగా రెండు చెక్కలు కోసి, మరిగే నీళ్ళలో ముంచి తీసి, ఆ తర్వాత పేపర్లలో పెట్టి పైన బరువు పెట్టాలి, రోజూ పేపరు మార్చాలి. నేను మొదటిసారి ఒక గడ్డను కోయకుండా న్యూస్‌పేపర్లలో చుట్టి బీరువా పైన పడేసి మరిచిపోయాను. నీళ్ళు లేవు, మట్టి లేదు. మార్చి చివర్లో చూస్తే పేపరు చీల్చుకుని జానెడు కాడ బయటికి వచ్చి, వెలుతురు కోసం కిటికీ వైపు వంగి ఉంది. భూతద్దం తెచ్చి చూశాను, కింది మొగ్గల దగ్గర పొరలన్నిటికీ తోకలు ఉన్నాయి.